పారిపోయినవాడికి ఫైను, వెతకబోయినవాడికి వీల్ చెయిర్

సంపాదకులు గారికి,

కాపలా వదిలేసి వెళ్లిపోయిన అమెరికా సైనికుడు సార్జెంట్ బో బెర్గ్‌డాల్ శిక్ష గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. రాద్దామా వద్దా అని ఇన్నాళ్లూ ఊగిసలాడి, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. 2017 నవంబర్ 3న వచ్చిన ఆ తీర్పును మీరు లోపలి పేజీలో ఓ మూలకు నెట్టేశారు. తీర్పు కూడా దానికి తగ్గట్టే ఉంది లెండి. జైలు లేదు. డిషానరబుల్ డిశ్చార్జ్, అంటే అవమానకరంగా సైన్యం నుంచి తొలగించడం, సార్జెంట్ నుంచి అట్టడుగు హోదా అయిన ప్రైవేట్‌కు దింపడం, పది నెలల పాటు నెలకు వెయ్యి డాలర్ల ఫైను. అంతే!

ఈయన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. 2009 జూన్ 30న అఫ్ఘానిస్తాన్‌లోని పక్తికాలో తన పోస్టు వదిలేసి తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లి తాలిబన్లకు చిక్కాడు. ఇంకో క్యాంపుకు వెళ్లి పైఅధికారుల మీద ఫిర్యాదు చేద్దామనుకున్నానని తర్వాత చెప్పాడు. ఫిర్యాదు చేయడానికి కాపలా వదిలేసి, శత్రువులు తిరిగే చోట ఒంటరిగా నడవాలా? సరే, తప్పు చేశానని 2017 అక్టోబర్‌లో కోర్టులో ఒప్పుకున్నాడు కూడా. ప్రాసిక్యూషన్ 14 ఏళ్లు అడిగింది. జడ్జి కర్నల్ జెఫ్రీ నాన్స్ ఒక్క రోజు కూడా వేయలేదు. ఎందుకు వేయలేదో ఒక్క ముక్క చెప్పలేదు. ట్రాఫిక్ చలాన్ మీద కూడా ఎందుకు వేశారో రాసి ఉంటుంది కదండీ!

అతన్ని వెతకడానికి వెళ్లినవాళ్ల మాట ఎవరూ ఎత్తరేం? ఒక మాస్టర్ సార్జెంట్‌కు తలలో తూటా తగిలింది. ఆ తర్వాత ఆయన మాట్లాడలేకపోయారు, నడవలేకపోయారు. భర్త చెయ్యి పట్టుకోవాలన్నా ముడుచుకుపోయిన ఆ వేళ్లను తనే విప్పదీయాలని ఆయన భార్య ఇదే జడ్జి ముందు చెప్పింది. ఇంకో నేవీ సీల్ (నౌకాదళ కమాండో) కాలు తూటాలకు నుజ్జయి 18 ఆపరేషన్లు జరిగాయి. ఆయన వెంట వెళ్లిన రెమ్కో అనే సైనిక కుక్క అక్కడే ప్రాణాలు వదిలింది. ఆ కుక్క డ్యూటీ మధ్యలో ఎక్కడికీ పోలేదు.

ఐదేళ్లు తాలిబన్ల చెరలో నరకం చూశాడు కదా, ఇంకా ఎందుకు అంటున్నారు కొందరు. చూశాడు, కాదనను. బోనులో పెట్టారు, తప్పించుకోబోతే పట్టుకుని కొట్టారు. కానీ ఆ ఐదేళ్లూ అతన్ని బాధ పెట్టింది శత్రువు, సైన్యం కాదు. శత్రువు పెట్టిన బాధను కోర్టు శిక్ష కింద జమ వేసుకుంటే, ఆ మాస్టర్ సార్జెంట్ ఇంటివాళ్ల బాధ ఎవరి ఖాతాలో రాయాలి?

అసలు ఈ కేసులో సవ్యంగా నడుచుకున్న పెద్దమనిషి ఒక్కడైనా ఉన్నాడా? 2006లో కోస్ట్ గార్డ్ శిక్షణలో బెర్గ్‌డాల్ మానసికంగా తట్టుకోలేకపోతే వాళ్లు ఇంటికి పంపేశారు. రెండేళ్లకు ఆర్మీ మినహాయింపు ఇచ్చి మరీ చేర్చుకుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టిన ఆఫీసర్‌కు ఎంత ఫైను పడిందో! చెరలో ఉండగానే ప్రమోషన్లు ఇచ్చి సార్జెంట్‌ను చేశారు. 2014లో గ్వాంటనామో జైలు నుంచి ఐదుగురు తాలిబన్లను వదిలిపెట్టి ఇతన్ని విడిపించిన ఒబామా, తల్లిదండ్రుల్ని పక్కన నిలబెట్టుకుని వైట్‌హౌస్ రోజ్ గార్డెన్‌లో సంబరంగా ప్రకటన చేశారు. మర్నాడు ఆయన జాతీయ భద్రతా సలహాదారు సూసన్ రైస్ టీవీకెక్కి ఎంతో గౌరవంగా సేవ చేశాడని సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆ తర్వాత ట్రంప్ వంతు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఎన్నికల సభల్లో ద్రోహి అన్నారు, పాత రోజుల్లో అయితే కాల్చేసేవాళ్లన్నారు. ఆ మాటల్ని శిక్ష తగ్గించే అంశంగా లెక్కలోకి తీసుకుంటానని జడ్జి ముందే చెప్పారు. అంటే అందరికంటే గట్టిగా శిక్ష కోరిన పెద్దాయన మాటలే ముద్దాయికి పనికొచ్చాయన్నమాట. తీర్పు వచ్చాక మళ్లీ ఆయనే ఈ తీర్పు దేశానికే సిగ్గుచేటని ట్వీట్ చేశారు!

కాల్చేయమని నేననడం లేదు. 1945లో సైన్యం వదిలి పారిపోయిన అమెరికా సైనికుడు ఎడ్డీ స్లోవిక్‌ను అలా కాల్చేశారు, మళ్లీ ఆ రోజులు రావాలని ఎవరూ కోరుకోరు. కానీ 1965లో ఉత్తర కొరియాలోకి వెళ్లిపోయిన మరో అమెరికా సైనికుడు చార్ల్స్ జెంకిన్స్, దాదాపు 40 ఏళ్ల తర్వాత ముసలితనంలో వచ్చి లొంగిపోతే 30 రోజులు జైల్లో ఉండమన్నారు. ఆయన కోసం వెతుకుతూ ఎవరి తలలోనూ తూటా దిగలేదు. ఆయనకు 30 రోజులు తగినప్పుడు ఈయనకు ఒక్క రోజు కూడా తగలేదా?

తీర్పు తర్వాత ఈ ఫైలు అప్పటి ఆర్మీ ఉన్నతాధికారి జనరల్ రాబర్ట్ అబ్రామ్స్ దగ్గరికి వెళ్లింది. ఆయనకు శిక్ష తగ్గించే వీలుంది గానీ పెంచే వీల్లేకపోయింది. జైలే లేని శిక్షలో ఇంకా ఏం తగ్గించగలరట? ఈసారైనా ఆ సంగతి మొదటి పేజీలో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు