రీమాస్టర్ ఎల్పీలు వచ్చాయి, కానీ అమ్మడం లేదు

మన దుకాణంలో రీమాస్టర్ ఎల్పీ (పాత పాటల ధ్వనిని శుభ్రం చేసి మళ్లీ అచ్చేసిన పెద్ద గ్రామఫోను రికార్డు) కోసం అడ్వాన్సు కట్టిన వాళ్లందరికీ ఈ మాట నేనే చెప్పాలి. సరుకు వచ్చింది. విన్నాను. వెనక్కి పంపిస్తున్నాను. మీ డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాను. తిరుపతి గాంధీ రోడ్డు వైపు వచ్చినప్పుడు రసీదు తెస్తే చాలు. రసీదు పోయినా ఫరవాలేదు, పుస్తకంలో మీ పేర్లున్నాయి. చిత్తూరు, మదనపల్లె వాళ్లకు ఫోనులోనే పంపుతాను.

అవి ఏ సినిమా పాటలో, బుక్ చేసుకున్న మీకు తెలుసు. ఇక్కడ పేరు రాయను. రాస్తే చెడ్డపేరు ఆ పాటలకు అంటుకుంటుంది. తప్పు వాటిది కాదు.

రీమాస్టర్ చేయాలంటే ముందు స్టూడియోలో తయారైన మాస్టర్ టేపును, అంటే అసలు టేపును, వెతికి తీయాలి. ఏళ్ల తరబడి బీరువాలో ఉండి తేమకు జిగురెక్కిన టేపును సన్నని వేడిలో గంటల తరబడి ఆరబెట్టాలి. టేపు మిషనులో ధ్వనిని చదివే హెడ్డు వాలును ఆ టేపుకు తగ్గట్టు సరిచూసుకోవాలి, లేకపోతే వయొలిన్లు, తాళాలు మసకబారిపోతాయి. కంప్యూటర్ పని ఆ తర్వాతే. మాకు సరఫరా చేసిన ఆయన ఇదంతా చేశామనే చెప్పారు. 'నేరుగా టేపు నుంచే' అని ఆయన అన్న మాట నమ్మి మీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాను.

రికార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించి చూస్తే 16,000 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా సన్నని కీచు స్వరాల దగ్గర, ధ్వని ఒక్కసారిగా తెగిపోయి ఉంది. ఆ పైన సూది రాపిడి చప్పుడే తప్ప పాట లేదు. 128 కేబీపీఎస్ ఎంపీ3లో, అంటే సైజు తగ్గించడానికి బాగా కుదించిన పాట ఫైలులో, మామూలుగా కనబడే కోత అది. సీడీలోనైనా 20,000 దాటి ఉంటుంది.

చెవికి అంతకుముందే తెలిసిపోయింది. ఒక పాట చివర గాయకుడు ఆగాక తంబురా నాదం మెల్లగా సన్నగిల్లుతూ పోవాలి. ఇందులో గొంతు ఆగీ ఆగగానే తంబురా కూడా తలుపు మూసినట్టు ఆగిపోతోంది. టేపు మీద ఉండే బుసను తీసేసే సాఫ్ట్‌వేర్‌కు, ఎడతెగకుండా సన్నగా మోగే తంబురాకూ ఆ బుసకూ తేడా తెలియదు. మనిషి పక్కన కూర్చుని విని ఆపాలి. ఇక్కడ ఎవరూ కూర్చోలేదు. పైగా అన్నింటినీ ఒకే ఎత్తుకు పెంచేశారు. పల్లవి మొదటిసారి మెల్లగా, రెండోసారి గొంతు విప్పి పాడిన చోట రెండూ ఒకేలా ఉన్నాయి. మృదంగం మీద చాపు దెబ్బ పడితే గుండెకు తగలాలి. తగలడం లేదు.

ఫోను చేసి అడిగాను. ఆయన జవాబు: 'తిరుపతిలో ఈ తేడా ఎవరికి తెలుస్తుందండీ? కవరు బాగుంది కదా, ధర తగ్గిస్తాను, అమ్మేయండి.'

ఈ మాటకు నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారు టీటీడీ కోసం బాలాజీ పంచరత్నమాల ఐదు ఎల్పీలు పాడారు, ఆమె కంచు విగ్రహం ఈ ఊరి కూడలిలో నిలబెట్టుకున్నాం. సంగీత నృత్య కళాశాల పిల్లలు మా కౌంటరు దగ్గర నిలబడి శ్రుతి పిసరంత జారినా పట్టేస్తారు. ఈ ఊరికి తేడా తెలియదట!

అయినా నిర్ణయం అంత తేలికగా రాలేదు. మీలో కొందరు 'ఉన్నదే ఇవ్వండి, ఆ కవరు ఇంట్లో ఉంటే చాలు' అన్నారు. మా ఇంట్లోనూ తగ్గించి అమ్మేయమన్నారు. రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. సరుకు వెనక్కి పంపితే సగం విలువకే వేరే సరుకు ఇస్తామని అవతలివాళ్లు తేల్చేశారు. కానీ ఈ రికార్డు మీ ఇంటికి వస్తే మీ పిల్లలు వింటారు. ఫోనులో విన్న పాటే ఇక్కడా వినిపిస్తే, ఎల్పీ అంటే ఇంతేనా, ఆ పాట ఇంతేనా అనుకుంటారు. ఆ మాట నా దుకాణం వల్ల రాకూడదు. మిగతా సగం నష్టం నేనే భరిస్తాను. దయచేసి దానికోసం జాలిపడి ఎవరూ ఏదీ కొనవద్దు.

ఇకమీదట ఒక ప్రతి తెప్పించి, నేను విని, దేని నుంచి చేశారో రాతపూర్వకంగా తీసుకున్నాకే బుకింగు మొదలవుతుంది. రీమాస్టర్లు మానేయడం లేదు. శ్రద్ధగా చేసినవి పాత రికార్డులో వినబడని వీణ తీగను కూడా వినిపిస్తాయి, అవి తప్పక తెస్తాను. ఈ సరుకులో ఒక ప్రతిని నా దగ్గరే ఉంచుకున్నాను. అనుమానం ఉన్నవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత రండి. దాన్నీ, అదే సినిమా పాత ఎల్పీనీ పక్కపక్కన వినిపిస్తాను.

మరో సంగతి. 1980 నాటి శంకరాభరణం పాత ఎల్పీ ఒకటి వచ్చింది. కడిగి, రెండు వైపులా విన్నాను. రెండో వైపు మొదట్లో చిటపటలున్నాయి, కవరు మూల చిరిగింది. సంగీత దర్శకుడు మహదేవన్ గారి వాద్యాలు మాత్రం నిండుగా ఉన్నాయి. ముందు వచ్చి విన్నవాళ్లకే ఇస్తాను, ఫోనులో పక్కన పెట్టను.