రౌటర్‌ను ఆపి ఆన్ చేసే ముందు అది చెప్పేది చదవాలి

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో గానీ, గుంతకల్లులో గానీ, కళ్యాణదుర్గంలో గానీ అడంగల్ కోసమో, 1బి కోసమో, ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసమో సేవా కేంద్రానికి వెళ్లినవారికి ‘సర్వర్ డౌన్, మధ్యాహ్నం రండి’ అన్న జవాబు కొత్త కాదు. ఆసుపత్రుల ఓపీ కౌంటర్ల దగ్గర, కళాశాలల్లో ఫీజు కట్టే చోట కూడా ఇదే మాట వినబడుతుంది. నిజానికి సర్వర్ ఎక్కడో దూరాన నిక్షేపంగా పనిచేస్తూనే ఉంటుంది. తప్పు చాలాసార్లు ఆ గది మూలన, గోడకు బిగించిన ఇనుప పెట్టెలోనే ఉంటుంది. అక్కడున్న రౌటర్‌ను (బయటి నెట్ లైనును లోపలి కంప్యూటర్లకు అందించే పరికరాన్ని) ఎవరో ఒకరు స్విచ్చాపి మళ్లీ వేస్తారు, కాసేపు నెట్ వస్తుంది, రెండు రోజులకు కథ మళ్లీ మొదటికొస్తుంది. పల్లె నుంచి కూలి మానుకుని వచ్చిన మనిషి ఆ రోజు చేతులూపుకుంటూ ఇంటికి పోతాడు. ఈ జిల్లాలో నెట్‌వర్క్ పనులు చేసుకుని బతుకుతున్న వ్యక్తిగా, ఈ స్విచ్చాపే అలవాటు చేస్తున్న నష్టం గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

రౌటర్ తాను చేసే పనికి ఎప్పటికప్పుడు లెక్క రాసుకుంటుంది. ఏ పోర్టు (కేబుల్ తగిలించే చోటు) ఎప్పుడు పడిపోయింది, ఎప్పుడు లేచింది, చెడిపోయి వచ్చిన ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఎన్ని, ప్రాసెసర్ మీద ఎంత భారం పడుతోంది అన్నవన్నీ అందులో ఉంటాయి. అయితే ఈ లెక్క దాదాపు అంతా ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంటుంది కాబట్టి కరెంటు తీసిన క్షణంలోనే తుడిచిపెట్టుకుపోతుంది. సిస్కో కంపెనీ రౌటర్లలో చాలా నమూనాల్లో లాగ్‌కు (జరిగినవాటి చిట్టాకు) మొదట కేటాయించిన జాగా 4096 బైట్లే కావడంతో, నలభై యాభై వరుసలు నిండేసరికి కొత్తవి వచ్చి పాతవాటిని తోసేస్తాయి. ఉన్న ఆ కాస్త ఆధారాన్నీ మన చేతులతో మనమే చెరిపేసి, ఆ తరువాత సాంకేతిక నిపుణుడిని పిలిచి కారణం చెప్పమనడం, దొంగలు పడ్డ ఇంటిని కడిగి ముగ్గు పెట్టాక పోలీసులను పిలిచినట్టే ఉంటుంది.

ఒక సంగతి వివరంగా చెబుతాను. అనంతపురంలోని ఒక కళాశాలలో ఉదయం బాగానే ఉండే నెట్ పదకొండు దాటాక నత్తనడక నడిచేది. లైను ఇచ్చినవారికి ఫిర్యాదు మీద ఫిర్యాదు చేశారు, ఎక్కువ స్పీడు ప్లాన్‌కు మారారు, రోజూ మధ్యాహ్నం రౌటర్‌ను ఆపి ఆన్ చేయడం ఒక విధిగా పెట్టుకున్నారు. నేను వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్‌ను లేత నీలం రంగు కేబుల్‌తో రౌటర్‌కు నేరుగా ఆదేశాలిచ్చే కన్సోల్ పోర్టుకు కలిపి, ఆ ఆదేశాలు కొట్టే పుట్టీ అనే ప్రోగ్రామ్ తెరిచి, వేగం 9600 అని ఇచ్చి, ‘షో ఇంటర్‌ఫేసెస్’ అన్న ఆదేశం కొట్టాను. బయటి లైను తగిలించిన పోర్టు కింద ‘హాఫ్-డూప్లెక్స్, 100 ఎంబీపీఎస్’ అని కనిపించింది. హాఫ్ డూప్లెక్స్ అంటే ఒకసారికి పంపడమో అందుకోవడమో ఒక్కటే, ఫుల్ అంటే రెండూ ఒకేసారి. రౌటర్ పోర్టు తానే అమరిక ఎంచుకునే ‘ఆటో’లో ఉండగా, అవతలి మీడియా కన్వర్టర్‌ను (ఫైబర్ లైనును మామూలు కేబుల్‌కు మార్చే పెట్టెను) మాత్రం ఎవరో 100, ఫుల్ డూప్లెక్స్ అని స్థిరంగా పెట్టేశారు. ఇలా ఒక వైపు స్థిరంగా పెట్టి మరో వైపు ఆటోలో వదిలితే, ఆటోలో ఉన్న పోర్టు ఎదుటిదాని వేగాన్ని పసిగట్టగలదు గానీ డూప్లెక్స్‌ను పసిగట్టలేదు, కనుక నియమం ప్రకారం హాఫ్‌కు దిగిపోతుంది. అవతలి పరికరం ఎప్పుడు పడితే అప్పుడు పంపుతుంది, ఇవతలిది లైను ఖాళీగా ఉన్నప్పుడే పంపాలని చూస్తుంది, అందువల్ల రెండూ ఢీకొంటూనే ఉంటాయి. కౌంటర్లను ఒకసారి సున్నా చేసి చూస్తుంటే ‘లేట్ కొలిజన్స్’ (ఆలస్యంగా ఢీకొన్నవి) అన్న అంకె కళ్ల ముందే పెరుగుతూ పోయింది. వాడకం తక్కువగా ఉండే ఉదయం వేళ ఢీకొనేవీ తక్కువే, ల్యాబులన్నీ తెరిచాక అవి పెరిగిపోయేవి. స్పీడు ప్లాన్ మార్చినా గుణం కనబడకపోవడానికి కారణం అదే. రెండు వైపులా ఒకే అమరిక చేశాక ఆ అంకె కదలకుండా నిలిచిపోయింది. కళాశాలవారు కొత్త ప్లాన్‌కు కట్టిన డబ్బంతా, ఒక వరుస చదివేవారు అక్కడ లేకపోవడం వల్ల అయిన ఖర్చే.

అదే చోట సీఆర్‌సీ (దారిలో చెడిపోయి వచ్చినవాటి లెక్క) అన్న అంకె పెరుగుతూ ఉంటే అప్పుడు చూడవలసింది కేబుల్‌ను, కనెక్టర్‌ను, పక్కనే సాగుతున్న కరెంటు తీగను. ఫైబర్ తగిలించే ఆప్టికల్ మాడ్యూల్ ఉన్న పోర్టుల్లో చాలావాటికి అందుతున్న కాంతి బలం కూడా డీబీఎంలలో కనబడుతుంది. కరెంటు స్తంభాల మీదుగా వచ్చే ఫైబర్‌కు మన వైపు గాలులూ దుమ్మూ చేసే హాని ఒక్కరోజులో బయటపడదు, ఆ అంకెను నెలనెలా ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నవారికే అది ముందుగా తెలుస్తుంది. వాడకం లెక్కలో మరో చిన్న మెలిక ఉంది. రౌటర్ మామూలుగా చూపించేది ఐదు నిమిషాల సగటు. ఆన్‌లైన్ పరీక్ష మొదలైన మొదటి నిమిషంలో లైను నిండిపోయినా ఆ సగటులో అది మునిగిపోతుంది. ‘లోడ్-ఇంటర్వెల్ 30’ అని పెడితే 30 సెకన్ల సగటు కనిపిస్తుంది, అప్పుడు అసలు రద్దీ ఎప్పుడు వస్తోందో తెలుస్తుంది.

కరెంటు విషయం వేరే చెప్పాలి. ‘షో వెర్షన్’ అని కొడితే రౌటర్ ఎంతకాలంగా ఆగకుండా నడుస్తోందో, చివరిసారి కరెంటు పోయి లేచిందో, ఎవరైనా ఆదేశమిచ్చి తిరిగి నడిపించారో, సాఫ్ట్‌వేర్ కుప్పకూలిందో వస్తుంది. యూపీఎస్ బ్యాటరీ పాడైందన్న సంగతిని నేను చాలా కార్యాలయాల్లో ముందుగా ఈ వరుసలోనే చదివాను. కరెంటు కోతలతో ముడిపడిన మరో ఇబ్బంది, చేసిన మార్పును భద్రపరచకపోవడం. నడుస్తున్న అమరిక ర్యామ్‌లోనూ, తిరిగి లేచినప్పుడు చదువుకునే అమరిక కరెంటు పోయినా నిలిచే ఎన్‌వీర్యామ్‌లోనూ వేర్వేరుగా ఉంటాయి. హడావుడిగా వచ్చిన మనిషి మార్పు చేసి, ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్’ కొట్టకుండా వెళ్లిపోతే, ఎప్పుడో వచ్చే కరెంటు కోతతో ఆ మార్పు మాయమవుతుంది. ‘మేమేమీ ముట్టుకోలేదు, అయినా ఆగిపోయింది’ అని కార్యాలయంవారు అప్పుడు చెప్పేది అక్షరాలా నిజం.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది రౌటర్ గడియారం. బ్యాటరీతో నడిచే గడియారం లేని పాత సిస్కో నమూనాలు కరెంటు పోయి వచ్చాక 1993 మార్చి 1 నుంచి కాలాన్ని లెక్కపెట్టుకుంటాయి. టైమ్ సరైనదేనన్న నమ్మకం లేనప్పుడు లాగ్‌లో దాని ముందు ఒక నక్షత్రం గుర్తు పెట్టి మరీ అవి హెచ్చరిస్తాయి. గడియారాన్ని సరిచేసినా భారత కాలమానం పెట్టకపోతే, ఉదయం 9 గంటలకు జరిగింది లాగ్‌లో 3.30 అని ఉంటుంది. ఇలాంటి లాగ్‌తో ఏ ఫిర్యాదునూ నిరూపించలేము, ఏ సైబర్ నేరాన్నీ వెదకలేము. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు తమ పరికరాల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఎన్‌టీపీ (సరైన సమయం అందించే) సర్వర్లతో గానీ, వాటిని అనుసరించే సర్వర్లతో గానీ కలపాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, సైబర్ ఘటన తమ దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. నలభై యాభై వరుసలకే నిండిపోయే జ్ఞాపకంతో 180 రోజుల లాగ్ ఎలా నిలుస్తుంది? దాన్ని వేరే యంత్రానికి పంపి దాచాలి. అందుకు ‘లాగింగ్ హోస్ట్’ అన్న ఒక్క వరుస, కార్యాలయంలో మూలపడిన ఒక పాత కంప్యూటర్ చాలు. చాలా చిన్న కార్యాలయాల్లో ఆ ఒక్క వరుస కూడా ఉండదు.

వెబ్ పేజీలో మౌస్‌తో చూసే వీలుండగా నల్ల తెర మీద ఈ ఆదేశాలన్నీ ఎందుకని కొందరు అడుగుతారు. నెట్‌వర్క్ పూర్తిగా పడిపోయినప్పుడు వెబ్ పేజీ తెరుచుకోదు, కన్సోల్ కేబుల్ మాత్రం పనిచేస్తుంది. అంతకంటే పెద్ద ప్రయోజనం, వచ్చిన జవాబంతా అక్షరాల్లో ఉంటుంది కాబట్టి దాన్ని ఫైలులో దాచుకోవచ్చు, నిన్నటిదానితో పోల్చుకోవచ్చు, వాట్సాప్‌లో పంపవచ్చు. ఉరవకొండలో ఉన్న ల్యాబ్ అసిస్టెంట్‌కు ఫోన్‌లో ‘అమ్మా, షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్ అని కొట్టి, మూడో వరుస చదవండి’ అని చెప్పి, ‘అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్ అని ఉంది సార్’ అని ఆమె చదవగానే, ఆ పోర్టును ఎవరో ఆదేశం ఇచ్చి మూసేశారని అనంతపురంలో కూర్చునే చెప్పగలిగాను. ‘ఎడమ పక్కన నీలం బొమ్మ నొక్కండి’ అని ఫోన్‌లో చెప్పడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికి తెలుసు. కంపెనీని బట్టి మాటలు మారతాయి, సిస్కోలో ‘షో’ అన్నదాన్ని హువావేలో ‘డిస్‌ప్లే’ అనీ, మైక్రోటిక్‌లో ‘ప్రింట్’ అనీ కొట్టాలి. అడిగే ప్రశ్నలు మాత్రం అవే.

రౌటర్‌లో వేలు పెడితే ఉన్నది కూడా పోతుందన్న భయం చాలా కార్యాలయాల్లో ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ చదవడం వేరు, మార్చడం వేరు. సిస్కో రౌటర్లలో 0 నుంచి 15 వరకు అధికార స్థాయిలు ఉంటాయి, స్థాయి 1లో ఉన్న ఉద్యోగి పోర్టుల స్థితి, అంకెలు, గడియారం చూడగలడు గానీ అమరికను మార్చలేడు. ప్రతి సంస్థలో ఒకరికి ఇలా చూడడానికి మాత్రమే పనికొచ్చే ఖాతా ఇవ్వడంలో ప్రమాదమేమీ లేదు. ఇక మార్పులు చేసే మాలాంటివారికి కూడా ఒక రక్షణ ఉంది. దూరం నుంచి రౌటర్‌ను సరిచేసేటప్పుడు ముందుగా ‘రీలోడ్ ఇన్ 10’ అని కొట్టి పని మొదలుపెడితే, చేసిన మార్పు వల్ల లైను తెగిపోయినా పది నిమిషాలకు రౌటర్ తనంతట తానే తిరిగి లేచి పాత అమరికతో నడుస్తుంది. అంతా సవ్యంగా ఉంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టి, అప్పుడు భద్రపరచాలి. తాడిపత్రిలోని రౌటర్‌ను అనంతపురం నుంచి సరిచేసే ఏ కుర్రవాడికైనా నేను మొదట నేర్పేది ఈ రెండు ఆదేశాలే.

భద్రత గురించి క్లుప్తంగా చెబుతాను. దూరం నుంచి పరికరంలోకి ప్రవేశించే పాత పద్ధతి టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా లైను మీద పోతుంది. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లను ఎవరో దొంగిలించిన తరువాతే అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్, అదే పనిని అంతా గుప్తంగా పంపుతూ చేసే ఎస్ఎస్‌హెచ్‌ను తయారుచేశారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్), టెల్‌నెట్ తెరిచి ఉంచి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని రౌటర్లను, సీసీ కెమెరాలను వెదికి పట్టుకుని, వాటితోనే పెద్ద పెద్ద సైట్లను స్తంభింపజేసింది. ఇన్నేళ్ల తరువాత కూడా టెల్‌నెట్ తెరిచి ఉన్న రౌటర్లు, ఎస్ఎన్‌ఎంపీకి (పరికరం స్థితిని దూరం నుంచి అడిగి తెలుసుకునే పద్ధతికి) ‘పబ్లిక్’ అన్న మాటనే తాళంగా వదిలేసిన పరికరాలు నాకు ఎదురవుతూనే ఉన్నాయి.

రీస్టార్ట్ ఎప్పుడూ చేయకూడదని నా వాదన కాదు. కౌంటర్ ముందు జనం నిలబడి ఉన్నప్పుడు అది తప్పనిసరయ్యే సందర్భాలుంటాయి. కానీ అంతకుముందు ఐదు నిమిషాలు వెచ్చించి, పుట్టీలో సెషన్‌ను ఫైలుకు రాసేలా పెట్టి, లాగ్, పోర్టుల లెక్క, ప్రాసెసర్ భారం, వెర్షన్ తెరమీదికి తెప్పించి, ఆ ఫైలుకు తేదీ పేరు పెట్టి దాచాలి. ఆ తరువాత స్విచ్చు ఎన్నిసార్లు ఆపినా ఆధారం మన దగ్గరే ఉంటుంది.

ఇందుకు ప్రభుత్వం వైపు నుంచి రెండు పనులు జరగాలి. రౌటర్ల కొనుగోలు, బిగింపు ఒప్పందాల్లో పరికరం ఖరీదు, వారంటీతో పాటు, పూర్తి అమరిక నకలు, పాస్‌వర్డ్ సీల్డ్ కవర్‌లో సంస్థ అధిపతికి అందజేయాలనీ, ఎస్ఎస్‌హెచ్, ఎన్‌టీపీ, బయటి లాగ్ అమర్చి చూపించిన తరువాతే బిల్లు చెల్లించాలనీ రాయాలి. బిగించిన మనిషి ఊరు మారితే పాస్‌వర్డ్ కూడా అతనితోనే పోయే పరిస్థితి ఇప్పుడుంది. రెండోది చదువుకు సంబంధించినది. మన పాలిటెక్నిక్ విద్యార్థులు కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి రౌటర్లను చూపే ప్యాకెట్ ట్రేసర్ అనే ప్రోగ్రామ్‌లో సాధన చేస్తున్నారు, అది ఉచితం, మొదలుపెట్టడానికి మంచిదే. కానీ దుమ్ము పట్టిన కనెక్టర్, సగం తెగిన తీగ, ఎండకు కాగిన పెట్టె అందులో ఎదురుకావు. కార్యాలయాలు తీసేసిన పాత రౌటర్లు రెండు మూడు ల్యాబులో ఉన్నా చాలు. రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి ప్రాక్టికల్ పరీక్షలో పరీక్షకుడే ముందుగా ఒక లోపం పెట్టి, చూసే ఆదేశాలతో మాత్రమే దాని కారణాన్ని కనిపెట్టి జవాబు పత్రంలో రాయమని విద్యార్థిని అడగాలి. అమరికను మార్చే అవకాశం ఆ జవాబు రాసిన తరువాతే ఇవ్వాలి. కొత్త విద్యా సంవత్సరం ప్రయోగాల జాబితా ఖరారు చేసేలోగా మండలి అధికారులు ఈ సూచనను పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ సాంకేతిక నిపుణుడు,
అనంతపురం.