గుండె జబ్బు ఖాతాలోకి వెళ్లిన మా తమ్ముడు

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచ వ్యాధి భారంలో, అంటే జబ్బుల వల్ల జనం మొత్తంగా పోగొట్టుకునే ఆరోగ్యంలో, మానసిక జబ్బుల వాటా 5 శాతం కూడా లేదని ఈమధ్య మీ పత్రికలో చదివాను. అంకె తప్పు కాదు. 2019 సంవత్సరానికి వేసిన ప్రపంచ వ్యాధి భార అధ్యయనంలో అది 4.9 శాతమే. కానీ ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. జవాబు చూసి ఊరుకోలేను, ఎలా వచ్చిందో చూడాలి. పైగా మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉండేది.

ఈ లెక్కకు వాడే కొలతను డాలీ అంటారు. జబ్బుతో బతికినన్నాళ్లూ పోగొట్టుకున్న ఆరోగ్యం ఒక పద్దు, ముందే చనిపోవడంతో పోయిన ఏళ్లు ఇంకో పద్దు. రెండూ కూడతారు. ముర్రే, లోపెజ్ అనే పరిశోధకులు మొదట 1990 సంవత్సరానికి ఈ లెక్క కట్టారు. అంతకుముందు ఏ జబ్బు పెద్దదో చావులను బట్టే చెప్పేవారు. మనిషిని చంపకుండా ఏళ్ల తరబడి కుంగదీసే జబ్బు అందులో కనిపించేదే కాదు. కొత్త లెక్కలో డిప్రెషన్ ఏకంగా నాలుగో స్థానంలో తేలింది. వాళ్లు చేసిన మేలు చిన్నది కాదు.

ఒక్కో జబ్బుకూ సున్నా నుంచి ఒకటి దాకా ఓ తూకం ఉంటుంది. సున్నా అంటే పూర్తి ఆరోగ్యం, ఒకటి అంటే చావుతో సమానం. బంగ్లాదేశ్, ఇండోనేషియా, పెరూ, టాంజానియా, అమెరికాల్లో మామూలు జనానికి ఇద్దరేసి రోగుల పరిస్థితి చదివి వినిపించి, ఎవరి ఆరోగ్యం నయమని అడిగారు. అన్నిటికంటే ఎక్కువ తూకం స్కిజోఫ్రీనియా తీవ్రంగా ఉన్న దశకే పడింది: 0.778. నెమ్మదించిన దశకు 0.588. ఆ జబ్బును ఇంట్లో చూసినవాళ్లెవరూ దీన్ని కాదనరు. నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని, నమలాలో వద్దో ఎవరో చెప్తారని గంటసేపు అలాగే కూర్చునేవాడు మా తమ్ముడు.

వాడికి జబ్బు వచ్చింది 22వ ఏట, పోయింది 49వ ఏట. 27 ఏళ్లలో తీవ్రంగా ఉన్న రోజులన్నీ కలిపితే నాలుగేళ్లు, మిగతా 23 ఏళ్లు కాస్త నెమ్మది. ఆ తూకాలతో గుణిస్తే 16.6 ఏళ్లు వస్తాయి. ఇది స్కిజోఫ్రీనియా ఖాతాలో పడుతుంది.

మరి చావు? చనిపోవడానికి నాలుగు రోజుల ముందు "ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందే అక్కా" అన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరు పాత ఫైలు తిరగేసి, ఇలాంటి పేషెంట్లకు ఇలాగే అనిపిస్తుంది, టెన్షన్ వల్ల అన్నారు. ఈసీజీ తీయలేదు. నిద్రమాత్ర రాసి పంపేశారు. మరణ ధ్రువీకరణ పత్రంలో కారణం గుండెపోటు. కాబట్టి వాడు బతకాల్సిన 35 ఏళ్ల పైచిలుకు మొత్తం గుండె జబ్బుల ఖాతాలోకి వెళ్లింది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లు 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మందులతో బరువు, షుగరు పెరగడం, సిగరెట్లు, ఒంటి బాధ చెప్పుకుంటే నమ్మకపోవడం అందుకు కారణాలు. అయినా 2019 లెక్కలో మానసిక వ్యాధుల కింద చూపిన చావులు ఈటింగ్ డిజార్డర్లు అనే తిండికి సంబంధించిన మానసిక జబ్బులవి మాత్రమే. ఆత్మహత్యలు గాయాల పద్దులో ఉన్నాయి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు), మూర్ఛ నరాల జబ్బుల పద్దులో ఉన్నాయి. మెదడు ఒక్కటే అయినా ఖాతాలు రెండు. 2016లో వీగో, థార్నిక్రాఫ్ట్, అతున్ అనే పరిశోధకులు ఇలా చెల్లాచెదురైన వాటిని చేర్చి మళ్లీ లెక్క కట్టారు. మొత్తం భారంలో మానసిక జబ్బుల వాటా 13 శాతమని, జబ్బుతో బతికే ఏళ్లలోనైతే 32.4 శాతమని తేల్చారు. వాళ్లు కలిపినవన్నీ కలపాలా అన్నది నిపుణులు వాదించుకోవచ్చు. మా తమ్ముడి చావు మాత్రం కలపాల్సిందేనని నేనంటాను.

ఏ పద్దులోకీ ఎక్కనిది ఇంకొకటుంది. వాడు రాత్రిపూట లేచి వెళ్లిపోతాడేమోనని మా అమ్మ 27 ఏళ్లు గుమ్మానికి అడ్డంగా పడుకుంది. డాలీ రోగి ఆరోగ్యాన్నే కొలుస్తుంది. ఆమె నడుమునొప్పి నడుమునొప్పిగానే లెక్కకొస్తుంది.

ఇదంతా ఎందుకంటే, ప్రభుత్వాలు డబ్బు కేటాయించేటప్పుడు ఈ శాతాలనే ముందు పెట్టుకుంటాయి. ఆరోగ్య బడ్జెట్లలో మానసిక ఆరోగ్యానికి దక్కుతున్నది సగటున 2 శాతమే. ఈసారి మీరు ఆ 4.9 వేసినప్పుడు, ఆత్మహత్యలూ, స్కిజోఫ్రీనియా రోగుల గుండెపోట్లూ అందులో లేవని పక్కనే ఒక్క వాక్యం వేయండి.

భవదీయురాలు,
ఓ రిటైర్డ్ లెక్కల టీచర్