కత్తెర నీ చేతిలోనే ఉండనివ్వాల్సింది

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. "ఇంటర్వ్యూలో మీ అతి పెద్ద బలహీనత ఏంటని అడుగుతారటమ్మా. నాలో ఏముందో నువ్వు చెప్పవా? నా గురించి నీకంటే ఎవరికి తెలుసు?" అన్నావు. ఆ మాట రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు. అందుకే తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను.

"అన్నీ పర్ఫెక్ట్‌గా ఉండాలనుకుంటాను, అదే నా బలహీనత" అని చెప్పమని నీ స్నేహితులు అన్నారట కదా. అది వినగానే గుండె కలుక్కుమంది. నలభై దాటేదాకా నా గురించి నేను అనుకున్నది అచ్చంగా అదే. నాకు బాధ్యత ఎక్కువ, నా పని నిక్కచ్చిగా ఉంటుంది, ఎవరైనా సరిగ్గా చేయకపోతే చూస్తూ ఊరుకోలేను. ఇవన్నీ నా లెక్కలో మంచి గుణాలే, కాకపోతే కాస్త పాళ్లు ఎక్కువయ్యాయి, అంతే అనుకునేదాన్ని. చిన్నప్పుడు పెద్దవాళ్లు అరిషడ్వర్గాలు వల్లె వేయించేవాళ్లు. కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం అని ఆరూ లెక్కపెట్టుకుని, ఇందులో నాకు పెద్దగా అంటినవి ఏవీ లేవని ధీమాగా ఉండేదాన్ని.

నీకు పదకొండేళ్లప్పటి సంగతి ఒకటి చెబుతాను. నీకు గుర్తుందో లేదో. కొత్త పుస్తకాలు నేల మీద పరుచుకుని అట్టలు వేస్తున్నావు. నాలుక పంటికింద పెట్టి, కాగితం మీద పెన్సిల్‌తో గీత గీసుకుని మరీ కత్తిరిస్తున్నావు. కత్తెర గీత మీంచి పక్కకు జరిగింది. నేను వంగి నీ చేతిలోంచి కత్తెర తీసుకున్నాను. విసుక్కోలేదు, తిట్టలేదు. "ఇలా ఇవ్వు తల్లీ, నేను చేస్తాను" అన్నాను, ప్రేమగానే. నువ్వు కాసేపు చూశావు. తర్వాత మిగతా పుస్తకాలన్నీ నా వైపు నెట్టి, "ఎలాగూ నువ్వే చేస్తావుగా" అని లేచి వెళ్లిపోయావు. కోపంగా అనలేదు. మామూలుగా అన్నావు. అట్టలన్నీ చక్కగా వేసి, మడతలు గోటితో నొక్కి, బొత్తి పెట్టి తృప్తిగా చూసుకున్నాను. ఆ రోజు మంచి పని చేశాననే అనుకున్నాను.

ఆ తర్వాత నాలుగైదేళ్లకు ఆఫీసులో నా కింద పనిచేసే అమ్మాయి ఒక రిపోర్టు పంపింది. సగం ఖాళీ. లెక్కలున్నాయి కానీ వాటి మీద ఒక్క మాట లేదు. పిలిచి అడిగాను. ఆ అమ్మాయి తల దించుకోలేదు, భయపడలేదు. "ఎలాగూ మీరు మారుస్తారు కదా మేడమ్" అంది.

అదే మాట. నీ గొంతులో విన్నదే.

ఆ సాయంత్రం చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. నాలుగేళ్లు నా దగ్గర పనిచేసిన మనిషి ఒక్క పేరా సొంతంగా రాయడం మానేసింది. ఇంట్లో నువ్వు ఏ పని మొదలుపెట్టినా సగంలో ఆగి నా మొహం చూసేదానివి. మీ నాన్న ఇంటి విషయం ఏదడిగినా "మీ అమ్మనడుగు" అనేవారు. వీళ్లంతా ఎందుకిలా చేతులు ముడుచుకున్నారని అంతవరకు నేను విసుక్కుంటూనే ఉన్నాను. ఇంతమంది చేతులు ముడుచుకునేలా చేసింది ఒకే మనిషని అప్పుడు తట్టింది.

మనకు కనబడకుండా ఎదుటివాళ్లకు మాత్రం కనబడేది మనలో కొంత ఉంటుందని మనస్తత్వ శాస్త్రంలో పాత మాటే. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు దాన్ని నాలుగు గళ్ల కిటికీలా గీసి చూపించారు. వాళ్ల పేర్లు కలిపి జోహరి కిటికీ అంటారు. ఉద్యోగంలో శిక్షణ ఇచ్చినప్పుడు ఆ బొమ్మ నేనూ గీశాను, పదిమందికి వివరించాను కూడా. తెలిసినంత మాత్రాన, ఎదుటివాళ్లకే కనబడే ఆ గడిలోకి నా చూపు వెళ్లలేదు. అమెరికా దేశాన్ని నిలబెట్టిన పెద్దల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడు 18వ శతాబ్దంలో తనను తాను దిద్దుకోవడానికి మంచి గుణాల పట్టిక వేసుకున్నాడు. వారానికో గుణం మీద దృష్టి పెట్టి, ప్రతిరోజూ తప్పినచోట చుక్క పెట్టుకునేవాడు. మొదట ఆ పట్టికలో ఉన్నవి 12. నీకు గర్వం ఎక్కువని అందరూ అనుకుంటున్నారని ఒక స్నేహితుడు చెబితే అప్పుడు 13వదిగా వినయం చేర్చాడు. అంత శ్రద్ధగా తనను వెతుక్కున్న మనిషికి కూడా అసలుది బయటివాళ్లు చెప్పేదాకా పట్టికలోకే రాలేదు చూడు.

బలహీనత ఏంటో తెలిశాక, అది ఎందుకుందో అర్థం కావడానికి నాకింకో రెండేళ్లు పట్టింది. మొదట్లో "ఎవరినీ నమ్మలేకపోవడం" అని పేరు పెట్టుకున్నాను. అదీ పూర్తి నిజం కాదు. ఒకసారి నాకు జ్వరమొచ్చి వారం రోజులు మంచం మీదున్నాను. ఇల్లు చక్కగా నడిచింది. నువ్వూ నాన్నా అన్నీ చూసుకున్నారు. నాకు సంతోషం కలగాలి కదా? లోపలెక్కడో దిగులు వేసింది తల్లీ. నేను లేకపోయినా జరిగిపోతోందే అని. ఆ దిగులు వేరు ఎక్కడుందో వెతికితే నా చిన్నతనంలో తేలింది. ఇంట్లో పెద్దదాన్ని. పని చేసినప్పుడే నా పేరు ఎవరి నోటైనా వచ్చేది. అవసరం ఉంటేనే నాకు చోటుంటుందని అప్పుడు మనసులో పడిపోయింది. అందుకే అందరికీ అవసరంగా ఉండేలా, వాళ్ల చేతుల్లోంచి ఒక్కొక్కటీ తీసేసుకుంటూ వచ్చాను. ఇది రాయడం కష్టంగా ఉంది. అయినా నీకు తెలియాలి, ఎందుకంటే దాని ఫలితం మోసింది ఎక్కువగా నువ్వే.

ఇప్పటికీ అది పోలేదు. ఎవరైనా నెమ్మదిగా చేస్తుంటే నా వేళ్లు లాగుతాయి. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంటాను. కొన్నిసార్లు కూర్చోలేక లేచి ఇంకో గదిలోకి వెళ్లిపోతాను. ఆ అమ్మాయి రిపోర్టులు దిద్దడం మానేశాక మొదటి మూడు నెలలూ తప్పులొచ్చాయి, పైవాళ్లతో నేను మాటలు పడ్డాను. ఆ తర్వాత ఆమె రాసినవి నేను రాసేవాటికంటే బాగున్నాయి.

ఇక నీ ప్రశ్న. నీ బలహీనత ఏంటో నాకు తెలుసనే అనిపిస్తోంది, రెండు వాక్యాల్లో రాసేయగలననీ అనిపిస్తోంది. రాయను. నువ్వు వెతుక్కోవాల్సింది నీ చేతిలోంచి మళ్లీ లాక్కోను. నాకు పనికొచ్చిన దారి మాత్రం చెబుతాను. నీలోకి నువ్వు చూసుకోవడం తర్వాత. ముందు నీ చుట్టూ ఉన్నవాళ్లను గమనించు. నీ దగ్గర వాళ్లు ఏం చెప్పడం మానేశారు? ఏం చేయడం మానేశారు? వేర్వేరు చోట్ల, ఒకరికొకరు తెలియనివాళ్లు నీతో ఒకే మాట అన్నారా? నీ రూమ్మేట్‌ని అడుగు, నీ మీద ప్రేమ ఉన్నవాళ్లనే అడుగు. వాళ్లు చెప్పిన ఏ మాటకు నీ నోట్లోంచి సంజాయిషీ అన్నిటికంటే వేగంగా వస్తుందో, అక్కడ కాసేపు ఆగు. ఇంటర్వ్యూకి జవాబు దొరికినా దొరకకపోయినా ఫరవాలేదు.

చూసి దిద్దమని నువ్వు పంపిన దరఖాస్తు రెండుసార్లు చదివాను. రెండో పేజీలో ఒకచోట పెన్ను తీశాను, మళ్లీ మూత పెట్టేశాను. ఒక్క అక్షరం మార్చకుండా ఈ ఉత్తరంతో పాటు తిరిగి పంపుతున్నాను.

ప్రేమతో
అమ్మ