శాంటా ఫే టికెట్ల గురించి ఆరోసారి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అలాంటివారు ఒకరు ఉన్నారనే నమ్మకంతోనే రాస్తున్నాను. మూడు వారాలుగా ఎప్పుడు అడిగినా "మేనేజర్ గారు మీటింగులో ఉన్నారు" అంటున్నారు. పార్లమెంటు సమావేశాలకైనా మధ్యలో సెలవులుంటాయి.

అసలు సంగతి చిన్నది. మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తే, డాలస్ నుంచి న్యూమెక్సికోలోని శాంటా ఫేకి మూడు రోజుల ప్యాకేజీ మీ దగ్గర తీసుకున్నాం. అందులో చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ మ్యూజియం టికెట్లు కలిపే ఉన్నాయి. మీరు పంపిన టికెట్ల మీద తేదీ వారం ముందుది. లోపలికి రానివ్వలేదు. ఆ రోజు టికెట్లు అప్పటికే అయిపోయాయి. పొరపాట్లు అందరికీ జరుగుతాయి. దానికే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

గుమ్మం దగ్గర నుంచే మీకు ఫోన్ చేశాను. మొదటి అబ్బాయి "టికెట్ ప్రింట్ తీసి చూపించండి సార్, ఫోన్లో చూపిస్తే ఒప్పుకోరు" అన్నాడు. కాగితం మీదకొస్తే తేదీ మారుతుందా అని అడిగితే "ఒకసారి ట్రై చేయండి సార్" అన్నాడు. హోటల్‌కి వెళ్లి, ప్రింట్ తీయించి, తిరిగి వచ్చాం. ఆ ఊరు సముద్రమట్టానికి 7,000 అడుగుల ఎత్తున ఉంది. డెబ్బై రెండేళ్ల మా నాన్నకి నాలుగడుగులకే ఆయాసం. కాగితం మీద కూడా, ఆశ్చర్యం, అదే తేదీ!

రెండోసారి ఒకమ్మాయి ఎత్తింది. శాంటా ఫే అనగానే "ఏ సంవత్సరం మోడల్ సార్?" అంది. అది కారు కాదమ్మా, ఊరు, ఆ కారుకి పేరు పెట్టిందే ఈ ఊరిని చూసి అని చెప్పేలోపే అద్దె కార్ల విభాగానికి కలిపేసింది. పాపం అక్కడి ఆయనొక్కడే మర్యాదగా మాట్లాడాడు, కానీ ఆయన చేతిలో కార్లు తప్ప ఏమీ లేవు. మూడో మనిషి బుకింగ్ స్క్రీన్‌షాట్ పంపమన్నాడు. నాలుగో మనిషి అదే మళ్లీ పంపమన్నాడు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడ్డాయి, జవాబు పడలేదు. చివరికి పోయిన గురువారం మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడింది. మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" ఏం పరిష్కరించారో నాకూ చెబితే సంతోషిస్తాను.

అదే ఊళ్లో లొరెట్టో చాపెల్ అని పాత చర్చి ఒకటి ఉంది. అందులో 33 మెట్లున్న చెక్క మెట్లవరస, నడుమ స్తంభం లేకుండా రెండు చుట్లు తిరిగి పైకి చేరుతుంది. మీ కస్టమర్ కేరూ నడుమ ఎవరూ లేకుండా చుట్లు తిరుగుతూనే ఉంది, చేరడమే లేదు.

మా నాన్న ముప్పై నాలుగేళ్లు డ్రాయింగు మాస్టారు. ఓకీఫ్ వేసిన ఉమ్మెత్త పువ్వు బొమ్మ ఒకటి పాత పత్రికలోంచి కత్తిరించి గోడకి అంటించుకున్నారు. శివుడికి పెట్టి మర్చిపోయే పువ్వుని గోడంత చేసి చూపించిందిరా అనేవారు. ఆవిడ 1986లో పోయింది ఆ ఊళ్లోనే, ఆవిడ పేరున మ్యూజియం తెరిచింది 1997లో. అక్కడ నిలబడాలని ఈయన కోరిక. ఆ రోజు ఏమీ అనలేదు. 1610 నాటి ప్యాలెస్ ఆఫ్ ది గవర్నర్స్ ఎదురుగా బెంచీ మీద కూర్చుని, వసారా కింద గుడ్డలు పరిచి వెండి, పచ్చరాళ్ల నగలు అమ్ముకునే నేటివ్ అమెరికన్ ఆడవాళ్లని గీస్తూ, "మట్టిలో గడ్డి కలిపి కట్టారటరా, మా తాతగారి ఇల్లే" అన్నారు. మ్యూజియం మాట ఎత్తలేదు. అదే నన్ను కాల్చేసింది.

గ్రాండ్ కాన్యన్, యెల్లోస్టోన్, నయాగరా అన్నీ మీతోనే వెళ్లాం. మా అపార్ట్‌మెంట్లో నాలుగు కుటుంబాలని మీ దగ్గరికి పంపింది నేనే. "తెలుగులో మాట్లాడే కస్టమర్ కేర్" అన్న మీ ప్రకటన చూసే ఈ ఉత్తరం తెలుగులో రాశాను. మాట్లాడతారు సరే, వింటారా?

టికెట్ల డబ్బు ఎలాగూ ఇవ్వాలి, అది వేరే సంగతి. నాన్నగారు 28న ఇండియా వెళ్లిపోతున్నారు. ఈలోపు మీలో ఒకరు, రోబో కాదు మనిషి, ఆయనకి ఫోన్ చేసి "మాస్టారూ, తప్పు మాది" అని ఒక్క మాట అనాలి. అనకపోతే 29న క్రెడిట్ కార్డు వాళ్లకి డిస్ప్యూట్ వేస్తాను, ఈ ఉత్తరం డాలస్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెడతాను. అక్కడ నీలం టిక్కులు పడ్డాయంటే జవాబులు కూడా పడతాయి.

ఇట్లు,
మీ పాత కస్టమర్
(మీ సిస్టమ్‌లో ఇంకా ఉంటే)