హైస్కూల్ బీరువాలో హార్మోనియం

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన నెల మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్ వార్షికోత్సవానికి పాత విద్యార్థినని పిలిస్తే వెళ్లాను. స్టేజి బ్రహ్మాండంగా వేశారు, రెండు పక్కలా మనిషెత్తు డీజే బాక్సులు. పెన్‌డ్రైవ్‌లో పాట పెడితే పిల్లలు డ్యాన్స్ బాగానే చేశారు, వాళ్లననడానికేం లేదు. కానీ రెండున్నర గంటల్లో ఒక్క పిల్లాడి చేతిలో ఒక్క వాయిద్యం కనిపించలేదు.

నేను అక్కడే 1994లో టెన్త్ చదివాను. అప్పుడు మాకో ఆర్కెస్ట్రా ఉండేది. పేరుకే ఆర్కెస్ట్రా, బడిదే ఒక హార్మోనియం, తబలా జత, డోలక్, ఒకడు ఇంట్లోంచి తెచ్చే బుల్‌బుల్ (మీటలు నొక్కుతూ వాయించే తీగల వాయిద్యం), చర్చిలో వాయించే అన్నని బతిమాలి తెచ్చుకున్న చిన్న కేసియో కీబోర్డు, అంతే. నేను తబలా. సంగీతం మాస్టారు బడి వదిలాక గంటసేపు కూర్చోబెట్టి ధా ధిన్ ధిన్ ధా అని ముందు నోటితో చెప్పించేవారు, నోట పలకనిది చేతికి రాదురా అని. ఒకసారి ప్రోగ్రాం వారం ఉందనగా మా పాటగాడికి గొంతు మారిపోయింది. వాడి కోసం శ్రుతి దించితే నా తబలా అంత కిందకి దిగదు, దించకపోతే వాడికి అందదు, ఇద్దరం కొట్టుకున్నంత పని అయింది.

ఇంకో ఏడు జనవరి మంచుకి తబలా మెత్తబడిపోయింది. డప్పులవాళ్లు కాచుకుంటారు కదా అని మేమూ చితుకులు మంటేసి కాచాం. మధ్యలో నల్లటి మందు పెళ్లలుగా లేచిపోయింది! మాస్టారు కొట్టలేదు, తిట్టలేదు, ఆ రాత్రంతా నన్ను బెంచీ మీద వాయించమన్నారు. వాయించాను. మైకు దగ్గరగా పెడితే బెంచీ కూడా బాగానే మోగుతుంది.

ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఇంకెవరూ రాలేదు. 1919లోనే సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరు విజయనగరం. ఘంటసాల గారు చదువుకున్నదీ అక్కడే. అదే జిల్లాలో మా బడి పిల్లలకి సరిగమలు చెప్పే మనిషి లేడు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితే కళలు నేర్పడానికి పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసుంది. కొత్తగా ఎవరూ జీవో ఇవ్వక్కర్లేదు, ఉన్నది అమలు చేస్తే చాలు.

మనుషులు దొరకరంటే నేను నమ్మను. భజన మందిరాల్లో, చర్చిల్లో, పెళ్లి మేళాల్లో వాయించేవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వాళ్లని డిగ్రీలు అడక్కుండా వారానికి రెండు సాయంత్రాలు రమ్మని, చేతిలో నాలుగు డబ్బులు పెడితే వస్తారు. టెన్త్ రిజల్ట్ పడిపోతుందని హెడ్మాస్టర్లకి టెన్షన్ అని తెలుసు. నాకు లెక్కల్లో అత్తెసరు మార్కులొచ్చిన మాట నిజమే, కానీ దానికి తబలా కారణం కాదు, నేనే.

విద్యాశాఖ వాళ్లు ముందు ప్రతి బడిలో ఉన్న వాయిద్యాలేంటో లెక్క తీయించాలి. మా హార్మోనియం ఇంకా స్టాఫ్‌రూమ్ బీరువాలోనే ఉందన్నారు. చూస్తానన్నాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు.

– ఒక పాత విద్యార్థి, విజయనగరం జిల్లా