ఫ్రెంచ్ క్లాసులు అప్పుడే వదిలెయ్యకు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

చిన్నీ,

నీ మెయిల్ చదివాను. ఫ్రాన్స్‌లో మీ బయాలజీ కోర్సులో సగం క్లాసులు ఫ్రెంచ్‌లో, సగం ఇంగ్లీషులో జరుగుతుంటే తల తిరిగిపోతోందని, మొత్తం ఇంగ్లీషులోనే ఉండే కోర్సుకి మారిపోనా అని అడిగావు. నాన్న "దాని ఇష్టం" అనేశారు. నేను మాత్రం ఇప్పుడే మారొద్దంటాను. ఫోన్లో అయితే సగం వినకుండానే "సరేలే అమ్మా" అంటావు కాబట్టి రాస్తున్నాను.

ముందు మార్కుల సంగతి. జీన్ రెగ్యులేషన్ (ఏ జన్యువు ఎప్పుడు పనిచేస్తుందన్న పాఠం) పరీక్షలో 20కి 12 వచ్చిందని ఏడ్చావట, తమ్ముడు చెప్పాడు. అక్కడ 10 వస్తే పాసు, 16 వస్తే చాలా బాగా రాసినట్టు. ఇంటర్లో బోటనీకి 60కి 60 తెచ్చుకున్నదానివి, 12 అంటే పరువు పోయినట్టు ఉంటుంది. ఆ లెక్కలు అక్కడ పనికిరావు.

అసలు నా భయం ల్యాబ్ గురించి. కరోనా రోజుల్లో మా ఆర్టీపీసీఆర్ ల్యాబ్ ఎలా నడిచిందో నీకు చాలాసార్లు చెప్పాను. శాంపిల్లోంచి ఆర్‌ఎన్‌ఏ తీయడానికి వాడే లైసిస్ బఫర్లో, అంటే వైరస్‌ని పగలగొట్టే ద్రవంలో, గ్వానిడీన్ థయోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. దాని మీద బ్లీచ్ పడితే విషవాయువు పుడుతుంది. వైరస్ అనగానే బ్లీచ్ పొయ్యడం అందరికీ అలవాటు కదా! అందుకే కొత్తగా చేరినవాళ్ళకి ఎవరికి ఏ భాష వస్తే ఆ భాషలో, తెలుగులోనో హిందీలోనో, ముందు అదే చెప్పేదాన్ని. గోడ మీద ఇంగ్లీషు నోటీసు అంటించే ఉండేది, ఎవరు చదివారు గనక! మీ దగ్గర బ్లీచ్ డబ్బా మీద 'జావెల్' అని ఉంటుంది. నీ చెయ్యి పొరపాటున దాని మీదకి వెళ్తే పక్క బెంచీ అబ్బాయి ఫ్రెంచ్‌లోనే అరుస్తాడు. కంగారులో ఎవరూ నీ కోసం ఇంగ్లీషులోకి మార్చి అరవరు.

రీసెర్చ్ పేపర్లన్నీ ఇంగ్లీషులోనే వస్తున్నాయి, ఇక ఫ్రెంచ్ దేనికి అన్నావు. నిజమే, ఇంగ్లీషు ఎలాగూ వస్తుంది, దాని గురించి నీకు బెంగ లేదు. కానీ అచ్చయిన పేపర్లో నెగటివ్ కంట్రోల్, అంటే శాంపిల్ వెయ్యని ట్యూబు, ఎప్పుడూ శుభ్రంగానే కనిపిస్తుంది. అంతకుముందు నీళ్ళు మాత్రమే పోసిన ట్యూబులో కూడా పీసీఆర్ 35 సైకిళ్ళు (డీఎన్‌ఏని రెట్టింపు చేసే రౌండ్లు) దాటాక, డీఎన్‌ఏ ఉన్నట్టు గ్రాఫ్‌లో గీత ఎందుకు పైకి లేచిందో, ఏ పిపెట్‌ని అనుమానించారో, ఏ ప్రైమర్‌ని (పీసీఆర్ మొదలవడానికి వేసే చిన్న డీఎన్‌ఏ ముక్కని) పారేశారో అందులో రాయరు. అవన్నీ కాఫీ మెషిన్ దగ్గర చెప్పుకుంటారు. నువ్వు నేర్చుకోవాల్సిందాంట్లో సగం అక్కడే ఉంది.

ఆ పరీక్షలో నిన్ను ఏడిపించిన ల్యాక్ ఒపెరాన్ (బ్యాక్టీరియా లాక్టోజ్ వాడుకోవడానికి ఒకే స్విచ్ కింద ఉండే జన్యువుల గుంపు) సిద్ధాంతం కూడా ప్యారిస్‌లో పుట్టిందే. గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ పెడితే బ్యాక్టీరియా ముందు గ్లూకోజ్ తినేసి, కాసేపు ఆగి, అప్పుడు లాక్టోజ్ మొదలుపెడుతుంది. ఆ కాసేపట్లో లోపల ఏం జరుగుతోందన్నది అక్కడి శాస్త్రవేత్త జాక్ మోనోని ఏళ్ళ తరబడి వదల్లేదు. ఆయన, ఫ్రాన్స్వా జాకబ్ పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ ఒపెరాన్ గురించి 1960లో ముందు ఫ్రెంచ్‌లో రాశారు, మరుసటి ఏడాది ఇంగ్లీషులో వివరంగా రాశారు. 1965లో ఆంద్రే ల్వోఫ్‌తో కలిపి నోబెల్ వచ్చింది. దోమల రోగనిరోధక శక్తి మీద పనిచెయ్యాలని కదా నీ కోరిక? టోల్ అనే జన్యువు పనిచెయ్యని పండ్ల ఈగలు రోగనిరోధక శక్తి తగ్గి ఫంగస్‌కి తట్టుకోలేక చచ్చిపోతాయని 1996లో చూపించిన జూల్స్ హాఫ్‌మన్ బృందం మీ స్ట్రాస్‌బోర్గ్‌లోనే ఉండేది. ఆయనకి 2011లో నోబెల్ ఇచ్చారు. అలాంటి ఊరికి వెళ్ళి ఇంగ్లీషు వచ్చినవాళ్ళతోనే మాట్లాడి వచ్చేస్తానంటే నాకు మనసొప్పడం లేదు.

నాన్నమ్మ వాదన వేరు. "యానాంలో 1954 దాకా ఫ్రెంచోళ్ళే కదా, మన తెలుగోళ్ళు నేర్చుకోలేదా, దీనికేం వచ్చింది?" అంటోంది. నీకు చెప్పమంది, చెప్పాను.

ఇప్పటికి ఇలా చెయ్యి. స్లైడ్లు ముందు రోజే ఇమ్మని టీచర్లని అడుగు. పరీక్షలో జవాబులు ఇంగ్లీషులో రాయొచ్చా అన్నది నోటిమాటగా కాకుండా మెయిల్లో అడిగి తెలుసుకో. బేకరీలో పార్ట్ టైమ్ చెయ్యాలనుంటే చెయ్యి, కౌంటర్ దగ్గర నిలబడితే భాష దానంతటదే వస్తుంది. స్టూడెంట్లు ఏడాదికి 964 గంటలు పనిచెయ్యొచ్చన్నారని అన్నీ చెయ్యనక్కర్లేదు, డబ్బు చాలకపోతే నన్నడుగు. మొదటి సంవత్సరం పూర్తయ్యాక కూడా క్లాసులో ఏమీ అర్థం కావట్లేదంటే అప్పుడు మారిపో, నేను ఒక్క మాట కూడా అనను. ఫ్రెంచ్ రాకపోతే రెండో ఏడు ఇంటర్న్‌షిప్‌కి ఏ ల్యాబ్ దొరుకుతుందన్నది మాత్రం దృష్టిలో పెట్టుకో.

నాకు ఈ వారం నైట్ డ్యూటీ. ఆదివారం మీకు పొద్దున్న పదింటికి, అంటే ఇక్కడ రెండున్నరకి, ఫోన్ చెయ్యి. మొన్నటి పీసీఆర్ ప్రాక్టికల్లో నెగటివ్ కంట్రోల్ ఎలా వచ్చిందో కూడా చెప్పు.

అమ్మ